తాయారు కట్టిన శోకం

మా తాయారుకి తెలుగంటే పిచ్చి. ఊరికే అంటున్న మాట కాదు. పదో తరగతిలో మేమంతా లెక్కల్లో గట్టెక్కిస్తే చాలని కనిపించిన దేవుడికల్లా దండాలు పెడుతున్న రోజుల్లో, అది సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పద్యాలకి గణాలు విడదీసుకునేది. కండక్టరు టిక్కెట్టని అరిస్తే వేళ్ళు మడుస్తూనే "ఉండండి, మధ్యలో ఆపితే పోతుంది" అనేది. దీనికి ఎక్కడో తేడా ఉందనుకుని ఆయన వెనక సీటుకి పోయేవాడు.

నాకది మేనమామ కూతురు. అప్పలసూరి మావయ్య మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మేమిద్దరం ఒకే ఏడు పుట్టాం, ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకరినొకరం ఒదినా అని పిలుచుకున్నాం. నా పేరు దేముడమ్మ. బడిలో చేరేటప్పుడు దేవి అని రాయించమని మారాం చేస్తే మా నాన్న వినలేదు. అందుకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. నాన్న పోర్టులో ఖలాసీ కాబట్టి మేం మల్కాపురంలో ఉండేవాళ్ళం, బడికి నడిచి వెళ్ళేంత దూరం. తాయారు వాళ్ళది గాజువాక అవతల కాలనీ. స్టీల్ ప్లాంటుకి ఊళ్ళిచ్చేసిన వాళ్ళ కోసం వేసిన కాలనీల్లో అదొకటి. వాళ్ళ ఊరు పోలమ్మపాలెం. మా అమ్మ పుట్టిల్లు కనక నేనూ అక్కడే పుట్టాను. మేం పదో తరగతికొచ్చేసరికి, అంటే ఎనభై మూడులో, ఆ ఊరున్న చోట మట్టి లారీలు తిరుగుతుండేవి.

"మీదే ఊరమ్మా?" అని ఎవరైనా అడిగితే నేను టక్కున మల్కాపురం అనేదాన్ని. తాయారు ఆగేది. కాలనీ పేరు చెప్పబుద్ధి కాదు, పోలమ్మపాలెం అంటే అదెక్కడుందని అడుగుతారు. చివరికి "గాజువాక దగ్గరండీ" అనేసి తల దించుకునేది.

బడి గేటు దాటగానే దాని మాట మారిపోయేది. ఇంట్లో మా అందరిలాగే నాను, ఏటి అనే పిల్ల, బడిలో పుస్తకం తెరిచి చదువుతున్నట్టు మాట్లాడేది. "సందుల్లో ఆడుకునేటప్పుడు లేని ఈ మర్యాదలన్నీ ఎక్కడ కొనుక్కొచ్చావే?" అని నేను ఏడిపిస్తే మొహం ముడుచుకునేది. తెలుగు మాస్టారు శ్రీరామ్మూర్తిగారికి అదంటే ప్రాణం. "ఇంటర్లో చేరి, తర్వాత బి.ఏ. తెలుగు చదవాలమ్మా" అని పదిమందిలో అన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే మావయ్య నాలుగు రోజులు వీధంతా చెప్పుకుతిరిగాడు. మావయ్యకి అక్షరం ముక్క రాదు. పొలం పోయాక ప్లాంటు కట్టే చోట కాంట్రాక్టరు దగ్గర ఇనుము మోస్తున్నాడు. "బూమంతా పోనాది. ఇంక ఈ గుంట సదువే నాకు పొలం" అనేవాడు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

ఇక మామ్మ సంగతి చెప్పాలి. మావయ్యకీ మా అమ్మకీ తల్లి, నారాయణమ్మ. నాకు అమ్మమ్మే అయినా తాయారుతో పాటు నేనూ మామ్మ అనే పిలిచేదాన్ని. తాయారుని కన్నతల్లి పురిట్లోనే పోతే పాలు పట్టి పెంచింది ఆవిడే. మా వైపు చాలామంది ముసలమ్మల్లాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పుతోనే ఊడ్చేది, వండేది, తిట్టేది కూడా.

ఆ మామ్మ శోకం తీసేది. మా వైపు మనిషి పోతే ఆడవాళ్ళు ఉత్తినే ఏడవరు, రాగం తీసి మాటలు కట్టి ఏడుస్తారు. అందరికీ వచ్చినంత వాళ్ళు పాడతారు గానీ, మామ్మ తీస్తే వేరు. చుట్టుపక్కల పాలేల్లో ఎవరు పోయినా ఆవిడకి కబురొచ్చేది. కూలీ ఉండదు, కొత్త చీరా ఉండదు. కబురొస్తే చేతిలో పని అక్కడ పడేసి వెళ్ళిపోవడమే. పోయిన మనిషి తల దగ్గర కూర్చుని, ముఖంలోకి చూస్తూ, అతను బతికిన బతుకంతా అతనికే చెప్పేది. శవం గుమ్మం దాటే వరకే శోకం. దాటాక నోరెత్తేది కాదు. ఇంటికొచ్చి స్నానం చేసి, చుట్ట ముట్టించి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తాయారుకి ఇది నామోషీగా ఉండేది. తొమ్మిదో తరగతిలో ఉండగా బడి వెనక వీధిలో ఎవరో పోతే మామ్మ వచ్చింది. ఆ గొంతు గోడ దాటి మా క్లాసులోకి వినపడింది. ఇంటర్వెల్లో పిల్లలు దండకంలా దాన్ని వెక్కిరిస్తుంటే తాయారు పుస్తకంలో తల దూర్చి కూర్చుంది. ఆ ముసలమ్మ ఎవరో అది చెప్పలేదు. నేనూ చెప్పలేదనుకోండి.

పదో తరగతి సంక్రాంతి సెలవులయ్యాక, వీడ్కోలు సభకి ఎవరైనా సొంతంగా పద్యాలు రాసుకు రమ్మన్నారు మాస్టారు. రాసేదెవరు, తాయారొక్కతే. సాగరం మీద రాసింది. ఉత్తుంగ తరంగాలు, రత్నగర్భ, ఇంకా ఏవేవో. "సాగరమంటే మన సంద్రమేనేటే ఒదినా?" అనడిగాను. నా వైపు చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు. మాస్టారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్కచోట కూడా యతి తప్పలేదన్నారు. ఆ రోజు తాయారు బస్సెక్కే దాకా నేల మీద నడవలేదు.

ఆ వారంలోనే కాలనీలో గురువులు తాత పోయాడు. పోలమ్మపాలెంలో జీడితోటలు కాపలా కాసిన మనిషి. తోటలు పోయాక కాలనీలో పనేమీ లేక, వరండాలో నులకమంచం మీద పడుకుని పడుకునే పోయాడు. ఆదివారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. మామ్మకి అప్పటికే నోరు బాగోలేదు, అంగిట్లో పుండు. అయినా వెళ్ళింది. గొంతు సగం బొంగురుపోయి, మాట మాట మధ్య ఆగి ఆగి పాడింది.

"పోలమ్మపాలెం నారాయణమ్మని వచ్చాను, లెగవా గురువులన్నా.
జీడితోటలో నీ మంచె ఎవులెక్కుతారన్నా?
మంచె నేదనీ తోట నేదనీ తెలిసే ఎల్తన్నావా?
రాత్రల్లా కేకేసిన గొంతు, ఈ ఇరుకింట్లో ఎవుల్ని కేకేసినావన్నా?"

నా పక్కన నిలబడ్డ తాయారు నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మడిచి ఏమీ లెక్కపెట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు ఇంటి ముందు ఆగిపోయింది.

"ఒదినా, నా పద్యంలో సముద్రం తీసేసి ఇంకో ఊరి సముద్రం పెట్టినా ఏమీ మారదు. మామ్మ పాటలోంచి గురువులు తాతని తీసి ఇంకొకర్ని పెట్టగలవా?"

ఇంట్లోనూ బడి భాషలోనే మాట్లాడుతోందని అప్పుడు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మర్నాడు మాస్టారిని అడిగింది, శోకం కూడా సాహిత్యమేనా అని. ఆయన మంచివారే. కాసేపు ఆలోచించి, "భావం ఉంటుంది, కాదనను. కానీ మన సిలబస్‌లో లేదు కదమ్మా. ముందు పరీక్షల సంగతి చూడు" అన్నారు. ఆ సాయంత్రం నుంచీ తాయారు మామ్మ పక్కన చేరింది.

మొట్టమొదట అడిగింది కన్నతల్లికి తీసిన శోకం. అది జరిగి పదహారేళ్ళు కావొస్తోంది, మామ్మకి ఒక్క మాట తప్పు పోలేదట. గొంతు లేక గుసగుసగా చెప్పింది. చేతి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉందనీ, పిల్లకి గోళ్ళు జీడిగింజ మొలకంత ఉన్నాయి చూసి వెళ్ళమనీ, గాలికి ఎగిరే ఆ తుమ్మజుట్టు ఎవరు దువ్వుతారనీ అడుగుతూ ఉంటుంది ఆ పాట. తాయారు దగ్గర వాళ్ళమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. "మా అమ్మ జుట్టు రింగులని నాకీ రోజే తెలిసింది ఒదినా" అని నాతో చెప్పి తన జుట్టు పట్టుకుని ఏడ్చింది. దానిదీ రింగుల జుట్టే. బడిలో అందరూ వెక్కిరిస్తారని రోజూ నూనె పెట్టి అణచుకునేది.

మామ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చుట్ట నిప్పు అంగిలిని తినేసిందన్నారు, బాగా ముదిరిపోయిందన్నారు. కరెంటు, అదే రేడియేషన్, పెడతామంటే మామ్మే వద్దంది. ఇంటికొచ్చేసి తాయారుకి పాఠాలు మొదలెట్టింది. మేం బ్లాక్‌బోర్డు చూసి నేర్చుకునే పాఠాల కంటే అవి బాగుండేవి.

"పోయినోణ్ణి పొగడకూడదు గుంటా. అడగాల. పొగిడితే ఆడికి సిగ్గేత్తాది. అడిగితే ఆడు ఇంటాడు."

"మొదలు ఏటనాల మామ్మా?"

"నువ్వెవులో సెప్పుకోవాల. ఏ ఊరు, ఎవుల పిల్లవి."

తాయారు తల దించుకుంది. "ఏ ఊరని సెప్పనే? మనకి ఊరు నేదు కదా."

మామ్మకి కోపం వచ్చింది. "నేకపోతే? నానున్నాను కదా. మీ అయ్య ఉన్నాడు కదా. పోలమ్మపాలెం అని అనకపోతే సచ్చినోడికెలా తెలుస్తాది, మనోళ్ళొచ్చారని?"

అంతసేపు మాట్లాడినందుకు ఆ పూట గంజి కూడా మింగలేకపోయింది. మావయ్య ఇద్దర్నీ తిట్టాడు. అశుభం పాటలు ఇంట్లో ఏమిటనీ, పరీక్షలు దగ్గరికొస్తుంటే పుస్తకం పట్టుకోవేమనీ తాయారుని మరీ తిట్టాడు. అతనికి భయం. ఆ పిల్ల చదువు జారిపోతే తనకి నిలబడ్డానికి ఇంకేమీ లేదు.

వీడ్కోలు సభ ఫిబ్రవరి ఆఖరున. మిక్చరు పొట్లం, అరటిపండు, గ్రూపు ఫొటో. తాయారు సాగరం మీద పద్యాలు చదివింది. చప్పట్లు మోగిపోయాయి, హెడ్మాస్టరు ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు. అయిపోయాక ఇద్దరం బడి అరుగు మీద కూర్చున్నాం. ఆడపిల్లలు ఒకరి ఆటోగ్రాఫు ఒకరు తీసుకుని, మళ్ళీ కలుస్తామో లేదో అని కావిలించుకుని ఏడుస్తున్నారు. రేపు పొద్దున్న కుళాయి దగ్గర కలిసేవాళ్ళు కూడా ఏడుస్తున్నారు. తాయారు ఏడవలేదు.

"ఇంకో నెలపోతే టెన్త్ ఏ సెక్షన్ తాయారు కూడా ఉండదు కదే" అంది. "ఊరడిగితే ఊరు లేదు. బడి అడిగితే బడీ ఉండదు. ఆ పద్యాలు చదువుతుంటే ఎవరో చదువుతున్నట్టుంది. నావి కావవి. నాది ఇంకోటుంది, కడుతున్నాను. మామ్మకోసం."

బతికున్న మనిషికి శోకం కట్టడమేమిటని అరిచాను.

"మామ్మే అడిగింది" అంది.

తర్వాత తెలిసింది ఆ సంగతంతా. అందరి ఇళ్ళలోనూ నేను పాడాను, నాకు పాడేవాళ్ళేరీ అని మామ్మకి బెంగ పట్టుకుంది. తోటి పాడేవాళ్ళు కొందరు పోయారు, మిగిలినవాళ్ళు తలో కాలనీకీ చెదిరిపోయారు. కాలనీలో ఇప్పుడు మనిషి పోతే బ్యాండు మేళం పిలుస్తున్నారు. "నాకు బ్యాండెట్టకండ్రా" అని మావయ్య చేత ఒట్టు వేయించుకుంది. తాయారుని నువ్వు పాడమంది. ఇది సరేనంది. సభయిన సాయంత్రం నేనూ దానితో కాలనీకి వెళ్ళాను కాబట్టి మిగతాది నా చెవులతోనే విన్నాను.

"కట్టీసావా?" అంది మామ్మ. ఆ మాట కూడా గాలిలాగే వచ్చింది.

"కట్టీసాను."

"ఐతే ఓపాలి ఇనిపించు."

తాయారు తెల్లబోయింది. "బతికుండగా పాడకూడదని నువ్వే సెప్పావు కదే. నాను పాడను."

"పోయాక నాకెలాగ ఇనబడతాది గుంటా?"

మామ్మ నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. వినాలని ఎంత ఆశగా ఉందో నాకు కూడా కనపడింది. తాయారు మాత్రం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, పాడితే నువ్వు నిజంగానే పోతావంది. నువ్వు పోయిన్నాడు నీ మొకం సూసి నానే పాడతాను, ఇంకెవుళ్ళనీ ముందర నోరెత్తనివ్వనని మాటిచ్చింది. మామ్మ సరేలే అన్నట్టు తలూపి గోడవైపు తిరిగింది.

పరీక్షా కేంద్రం మల్కాపురంలోనే పడింది. కాలనీ నుంచి బస్సు దొరుకుతుందో లేదోనని, పరీక్షలయ్యే దాకా తాయారుని మా ఇంట్లో ఉంచాడు మావయ్య. పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని వచ్చేటప్పుడు మామ్మ దాని తల మీద చెయ్యేసి, నోరు తెరవలేక, వెళ్ళిరా అన్నట్టు చెయ్యి ఊపిందట.

తెలుగు మొదటి పేపరు రోజు తెల్లవారుజామున మామ్మ పోయింది.

మాకు తెలీదు. మేం పెరుగన్నం తిని, ప్యాడ్లు పట్టుకుని వెళ్ళిపోయాం. మేం వీధి మలుపు తిరిగాకే కాలనీ నుంచి పోలిరాజు బాబాయి సైకిలు మీద కబురు తెచ్చాడట. తాయారుకి తెలియనివ్వొద్దని మావయ్య మాట. మేం అక్కడ వ్యాసం రాస్తుండగా మా అమ్మ తల్లి దగ్గరికి వెళ్ళి, చూసి, సాగనంపి, తలస్నానం చేసి, మేం తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర ఉంది. జుట్టు తడిగా ఉంది.

"ఇప్పుడు తలంటుకున్నావేటమ్మా?" అన్నాను.

"ఎండ మండిపోతన్నాది కదే" అంది. "పేపరెలాగున్నాది?"

తాయారు సంబరంగా చెప్పింది. అన్నీ వచ్చినవే, వ్యాసం అదనపు కాగితం తీసుకుని రాశానంది. అమ్మ విని, బాగుందమ్మా అని, ఇద్దరికీ వడ్డించింది.

ఆ పరీక్షల రోజులు తల్చుకుంటే ఇప్పుడు నాకు అమ్మే కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్న జడ వేయించుకుందామని తాయారు నూనె సీసా పట్టుకొస్తే చేతిలోంచి లాక్కుని గూట్లో పెట్టేసింది. పరీక్షలప్పుడు నూనె రాస్తే నిద్రొస్తుందంది. పొడి జుట్టు దువ్వెనకి చిక్కి తాయారు కెవ్వుమంటుంటే బిగించి బిగించి అల్లింది. నాకు మాత్రం నూనె రాసింది. "దానికి నిద్రొస్తే నాకు రాదేటి?" అని వాదించాను. వీపు మీద ఒక్కటి పడింది. పప్పులో తిరగమోత లేదు. చారులో లేదు. తాయారు అప్పడాలు అడిగితే నూనె అయిపోయిందంది. "అత్తా, పప్పు మరీ సప్పగుంది. మామ్మయితే ఎండుమిరపకాయ కాల్చి వేసేది" అని తాయారు నవ్వుతూ అంటే, అమ్మ చెంగుతో పొయ్యి దగ్గర పొగ తోలుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆ పూట పొయ్యి ఆర్పేసి చాలాసేపయింది.

ఆదివారం మామ్మని చూసొస్తామని ఇద్దరం పట్టుబట్టాం. సబ్బవరంలో నాటువైద్యుడున్నాడట, మావయ్య అక్కడికి తీసుకెళ్ళాడు, ఇంటికి తాళం వేసుందని అమ్మ చెప్పింది. తాయారు నమ్మింది. నాటుమందుకి నయమైపోతుందేమోనని ఆశపడింది కూడా. ఆ సంతోషంలోనే కాబోలు, లెక్కల పరీక్ష ముందు సాయంత్రం పెరట్లో బట్టలారేస్తూ మెల్లిగా కూనిరాగం తీసింది. నాకు వినిపించడానికే.

"సుట్ట నిప్పు నోట దాచి ఎన్ని మాటలు కాసినావే మామ్మా?
ఊరందరికీ ఏడిసిన గొంతు ఏ గుమ్మాన ఒదిలీసావే మామ్మా?"

వెనక్కి తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో అమ్మ ఉంది. ఇద్దరికీ చెరొకటీ తగులుతాయనుకున్నాను. అమ్మ అరవలేదు. బియ్యం కడుగుతున్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, "ఇంకోపాలి పాడే" అంది.

తాయారు నాలిక్కరుచుకుంది. "వొద్దత్తా. మామ్మ బతికుండగా పాడకూడదు. తప్పొచ్చీసింది."

అమ్మ గిన్నెతోనే లోపలికెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం ఉడకలేదు, పలుకు పలుకుగా ఉంది.

ఆఖరి పరీక్ష సోషల్. గంట కొట్టగానే పిల్లలంతా సిరా చల్లుకుంటూ అరుచుకుంటూ బయటపడ్డారు. తాయారు తెల్ల జాకెట్టు మీద కూడా ఎవరో సిరా చల్లారు. గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడూ రాలేదు. నేరుగా కాలనీకి వెళదాం పదండంది. బస్సులో తాయారు మామ్మకి చెప్పాల్సిన కబుర్లన్నీ నాకు చెబుతూనే ఉంది. అమ్మ మా ఇద్దరి మధ్యా కూర్చుని, దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

వరండాలో మావయ్య గోడకి చేరగిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేదు. గుండు. దాని మీద గరుకుగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. తాయారు దాన్ని చూసింది, మామ్మ మంచం ఉండే చోటు చూసింది. అడగడానికి ఇంకేం లేదు. సిరా మరకల జాకెట్టుతో గుమ్మం మీదే కూలబడింది. నేను అమ్మని పట్టుకున్నాను. అప్పుడేడ్చింది అమ్మ, ఇన్నాళ్ళదీ కలిపి.

తాయారు తన జడ ముందుకు తీసుకుని, ఎండుగడ్డిలా చిట్లిన కొసలు చూసుకుంది.

"అత్తా, ఇందుకేనేటి నూనె రాయనేదు?"

అమ్మ తలూపింది. కొడుకు బిడ్డవి, నీకు మైల అమ్మా, మైలలో నూనె తగలకూడదు, నువ్వు పట్టకపోతే మా అమ్మ ఆత్మ ఏమనుకుంటుందని, నీకు తెలియకుండా నేనే పట్టించానంది. పప్పూ, చారూ, అప్పడాలూ అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి మాకు. అన్ని రోజులూ తాయారు మామ్మ మైలలోనే ఉంది. పరీక్షలు బాగా రాశానని నవ్వుకుంటూ ఉంది.

"ఎవులు పాడేరు?" అంది తాయారు.

ఎవరూ పాడలేదు. ఏడ్చారు, అంతే. నారాయణమ్మ శవం దగ్గర నోరెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదట.

"నన్నెందుకు పిలవనేదయ్యా? పేపరు మల్లీ రాసుకుందును కదా."

మావయ్య నేలకేసి చూస్తూ, "అమ్మే వొద్దన్నాది. దాని పరీచ్చ పాడుసెయ్యొద్దన్నాది" అన్నాడు.

తాయారు అతన్నే చూసింది చాలాసేపు. "మామ్మ అలగ అనదయ్యా."

అంతే, మావయ్య మొహం చేతుల్లో దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి, ఇనుము మోసే మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కుతూ చెప్పాడు. ముందు రోజంతా మామ్మ గుమ్మం కేసే చూసిందట. మాట లేదు. తాయారు జడ ఎంత పొడుగో చేత్తో చూపించి, రమ్మని సైగ చేసిందట, మళ్ళీ మళ్ళీ. వస్తోంది, బస్సెక్కింది అని చెబుతూ వచ్చాడట. "నీ సదువు పోద్దనీసి నానే పిలవనేదే. నానే పిలవనేదు."

తాయారు తిట్టలేదు. తిడుతుందనే అనుకున్నాను నేను, తిడితే బాగుణ్ణనిపించింది కూడా. లేచి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. కుళాయి దగ్గర బిందెలు తీసుకుపోతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ఆగి, మళ్ళీ వెళ్ళిపోయారు.

"ఇప్పుడు పాడమ్మా" అన్నాడు మావయ్య. బతిమాలినట్టు అన్నాడు. "నీ మాట దక్కుతాది. అమ్మ ఎక్కడున్నా ఇంటాది. పాడే తల్లీ."

తాయారు నోరు తెరిచింది. పోలమ్మపాలెం అనేంత వరకూ పెదాలు కదిలాయి, నేను చూశాను. అక్కడ ఆగి, ఖాళీ వరండా అంతా ఒకసారి చూసింది.

"ఎవుల మొకం సూసి పాడనయ్యా?" అంది.

తాయారు తండ్రి తల తన భుజానికి ఆనించుకుని, మొలుస్తున్న ఆ వెంట్రుకల మీద చేత్తో నిమురుతూ కూర్చుంది. పాట మాత్రం పాడలేదు.